మిల్లు మీది గరాటులో సుడిగాలి

తమ్ముళ్లూ, మన మిర్యాలగూడలో ఏ బియ్యం మిల్లు దగ్గర నిలబడి తల ఎత్తి చూసినా కప్పు మీద ఒక వస్తువు కనిపిస్తుంది. పైన డ్రమ్ములా గుండ్రంగా ఉంటుంది, కిందికి వచ్చేసరికి గరాటులా సన్నబడుతుంది. ఒక పెద్ద రేకు గొట్టం దాని భుజానికి, సరిగ్గా మధ్యలోకి కాకుండా ఒక అంచుకు ఆనుకొని కలుస్తుంది. నేను ఈ హాస్టల్లో ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో దాన్ని నీళ్ల ట్యాంకు అనుకునేవాణ్ణి. ట్యాంకుకు ఆ తోక ఎందుకో అర్థమయ్యేది కాదు. పాలిటెక్నిక్ పూర్తి చేసి ఒక మిల్లులో బాయిలర్ దగ్గర పనికి కుదిరాక తెలిసింది, దాని పేరు సైక్లోన్ అని, అందులో నీళ్లు కాదు, సుడిగాలి ఉంటుందని.

సైక్లోన్ అంటే మనకు తుపాను గుర్తుకొస్తుంది. ఈ సైక్లోన్ కూడా తుపాను వంటిదే, కాకపోతే మనిషి రేకు డబ్బాలో బంధించి పనిచేయిస్తున్న తుపాను. గాలిలో కలిసిన దుమ్మును, బూడిదను, పొట్టును, ఒక్కొక్కచోట నీటి తుంపరలను, నూనె బిందువులను గాలి నుంచి వేరు చేయడం దీని పని. దీనిలో తిరిగే చక్రం లేదు, రెక్క లేదు, మార్చాల్సిన గుడ్డ లేదు. అయినా పనిచేస్తుంది. ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో రెండూ తెలుసుకోవాలి. నా దృష్టిలో రెండోదే ముఖ్యం.

మిల్లుకు ఇది ఎందుకు కావాలి

మిర్యాలగూడ ఉప్పుడు బియ్యానికి పేరున్న ఊరు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు ఇక్కడి మిల్లులకు వస్తాయి. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత ఆడిస్తారు. ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కు ఇంధనం కావాలి. ఆ ఇంధనం మిల్లులోనే పుడుతుంది. అదే ఊక.

ఒక క్వింటా వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. ఆ ఊకను కాలిస్తే అందులో దాదాపు అయిదో వంతు, అంటే 4 కిలోల వరకు బూడిద మిగులుతుంది. కట్టెలు కాల్చినప్పుడు ఇంత బూడిద మిగలదు. ఊకలో ఇసుకకు మూలమైన సిలికా ఎక్కువ. వరి మొక్క నేల నుంచి నీటితో పాటు సిలికాను పీల్చుకొని గింజ మీది పొట్టులో దాచుకుంటుంది. ఊక చేతికి గరగరలాడేది, పశువులు దాన్ని ఇష్టంగా తినకపోవడం అందుకే. బూడిదలో పదింట తొమ్మిది వంతుల వరకు ఆ సిలికాయే ఉంటుంది. రోజుకు వెయ్యి క్వింటాళ్లు ఆడించే మిల్లు తన ఊకనంతా కాల్చితే 40 క్వింటాళ్ల బూడిద. ఇందులో కొంత పొయ్యి అడుగున పడుతుంది. మిగిలింది తేలిక కాబట్టి పొగతో పాటు లేస్తుంది. దాన్ని మధ్యలో ఎవరో పట్టుకోకపోతే చిమ్నీ దాటి మన డాబాల మీదికి, ఆరేసిన బట్టల మీదికి, అన్నం పళ్లెంలోకి వస్తుంది.

పొగ ఒక్కటే కాదు. వడ్లు శుభ్రం చేసేచోట దుమ్ము, తాలు లేస్తాయి. పొట్టు తీసే యంత్రం దగ్గర ఊకను బ్లోయరు పీల్చి గొట్టంలో ఎగరేసి బయటి కుప్ప దగ్గరికి పంపుతుంది. అక్కడ గాలిని ఒకవైపు, ఊకను ఒకవైపు విడదీయాలి. కప్పు మీద కనబడే సైక్లోన్లలో ఎక్కువ ఈ పనికి పెట్టినవే.

కళ్లంలో తూర్పార పట్టిన మన పెద్దలకు ఇదే సూత్రం సగం తెలుసు. చేటతో వడ్లు పై నుంచి పోస్తే బరువైన గింజ కాళ్ల దగ్గర పడుతుంది, తాలు గాలికి దూరంగా పోతుంది. బరువునూ గాలినీ పోటీకి పెట్టి వేరు చేయడం అది. అయితే తూర్పారలో దుమ్మును పట్టుకోవలసిన అవసరం లేదు. అది ఎటు పోయినా మనకు పట్టింపు లేదు, ఎదురుగాలిలో నిలబడ్డ మనిషికి తప్ప. సైక్లోన్ పట్టుకోవలసింది ఆ దుమ్మునే.

భూమి లాగితే సరిపోదా?

దుమ్ము గాలి కన్నా బరువే కదా, పెద్ద గదిలోకి గాలిని వదిలితే దుమ్ము దానంతట అదే కింద పడదా అని అడగవచ్చు. పడుతుంది. ఎంతసేపటికి పడుతుందో లెక్క వేద్దాం.

దుమ్మును మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల వ్యాసం, నీటితో సమానమైన సాంద్రత గల ఒక కణాన్ని తీసుకోండి. నిశ్చలమైన గాలిలో అది పడే వేగం సెకనుకు 3 మిల్లీమీటర్లు మాత్రమే. స్టోక్స్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రంతో ఈ లెక్క వస్తుంది. చిన్న కణం పడుతుంటే గాలి స్నిగ్ధత దాన్ని అడ్డుకుంటుంది. రెండు బలాలు సమానమయ్యాక అది ఒకే వేగంతో మెల్లగా దిగుతుంది. మూడు మీటర్ల ఎత్తు నుంచి నేలకు దిగడానికి ఆ కణానికి వెయ్యి సెకన్లు, అంటే 16 నిమిషాలకు పైగా పడుతుంది. అంతసేపు గాలి కదలకుండా ఉండాలి. బాయిలర్ పొగ సెకనుకు ఎన్నో మీటర్ల వేగంతో పరుగెడుతుంటే 16 నిమిషాలు ఆపడానికి ఊరంత గది కావాలి.

కాబట్టి భూమి లాగే బలం చాలదు. దానికన్నా ఎన్నో రెట్లు పెద్ద బలం కావాలి. అది వడిసెలలో ఉంది.

వడిసెల తిప్పినవాళ్లకు తెలుసు. జొన్న చేలో పిట్టలను తోలడానికి రాయి పెట్టి తిప్పుతుంటే తాడు చేతిని లాగేస్తుంది. ఎంత వేగంగా తిప్పితే అంత గట్టిగా లాగుతుంది. మన ఇంటర్మీడియట్ పుస్తకాల్లో దీన్ని అభికేంద్ర బలం, అపకేంద్ర బలం అని రెండు పేర్లతో చదువుతాం. చాలామంది ఈ రెంటినీ కలిపి గజిబిజి పడతారు. నేనూ పరీక్షలో తప్పు రాశాను. తేలిక మార్గం చెబుతాను. ఆర్టీసీ బస్సు మలుపు తిరిగేటప్పుడు నిలబడ్డవాళ్లు బయటి వైపుకు ఒరుగుతారు. వాళ్లను ఎవరూ తోయలేదు. వాళ్ల శరీరం జడత్వం వల్ల తిన్నగా పోదామనుకుంది, బస్సు తిరిగింది. రోడ్డు పక్కన నిలబడి చూసేవాడికి ఇది జడత్వం. బస్సులో ఉన్నవాడికి ఎవరో బయటికి లాగినట్టుంటుంది. ఆ లాగినట్టుండడానికే అపకేంద్ర బలం అని పేరు. వృత్తంలో తిరిగే దానికి ఆ త్వరణం ఎంతంటే వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగించాలి.

సైక్లోన్‌కు ఈ సూత్రం వేసి చూడండి. డ్రమ్ము వ్యాసం ఒక మీటరు అనుకుందాం, వ్యాసార్థం అర మీటరు. గాలి సెకనుకు 15 మీటర్ల వేగంతో లోపలికి వస్తుంది. 15 వర్గం 225. దాన్ని 0.5తో భాగిస్తే 450. భూమి గురుత్వ త్వరణం 9.8. అంటే సైక్లోన్ గోడ దగ్గర తిరిగే కణం మీద భూమి లాగే దానికి 46 రెట్ల లాగుడు ఉంటుంది. మూడు మిల్లీమీటర్లకు బదులు మన 10 మైక్రాన్ల కణం ఇప్పుడు సెకనుకు 14 సెంటీమీటర్ల వేగంతో గోడ వైపు జరుగుతుంది.

లోపల ఏం జరుగుతుంది

గాలి అంచు వెంబడి దూరి గోడను రాసుకుంటూ గుండ్రంగా తిరుగుతుంది. వెనుక నుంచి వచ్చే గాలి తోస్తుంటే తిరుగుతూ తిరుగుతూ కిందికి దిగుతుంది. గరాటు సన్నబడ్డచోట దానికి ముందుకు పోయే దారి ఉండదు. అక్కడ వెనక్కి మళ్లి, నడిమధ్యన మరో సన్నని సుడిగా, అదే దిశలో తిరుగుతూ పైకి లేస్తుంది. పై మూత మధ్యలో ఒక గొట్టం డ్రమ్ములోకి కొంత దూరం దిగి ఉంటుంది. శుభ్రపడిన గాలి ఆ గొట్టంలోంచి బయటికి పోతుంది. ఆ గొట్టాన్ని లోపలికి దింపకపోతే పక్క నుంచి వచ్చిన మురికి గాలి తిరగకుండానే అడ్డదారిన బయటపడుతుంది. దుమ్ము మాత్రం గోడను చేరి, గోడ వెంట జారి, అడుగున ఉన్న తొట్టిలో పడుతుంది.

గాలి తిరిగి దుమ్ము తిరగలేకపోవడం ఎందుకు? గాలి కూడా పదార్థమే, దానికీ జడత్వం ఉంది. సుడి మధ్యలో పీడనం తక్కువ, గోడ దగ్గర ఎక్కువ. ఆ పీడన భేదం గాలిని లోపలికి నెట్టి వంచుతుంది. కానీ గాలితో పోలిస్తే నీరు సుమారు 800 రెట్లు సాంద్రమైనది, బూడిద కణం ఇంకా ఎక్కువ. గాలిని వంచడానికి సరిపోయే బలం దాన్ని వంచడానికి చాలదు. అందుకే అది మలుపు తప్పి గోడకు కొట్టుకుంటుంది.

ఇక్కడ చురుకైన పిల్లవాడు ఒక సందేహం అడగాలి. బకెట్ నీళ్లలో గుప్పెడు ఇసుక వేసి కర్రతో గిరగిర తిప్పి వదిలేస్తే ఇసుక గోడ దగ్గర కాదు, అడుగున నడిమధ్యన కుప్పగా చేరుతుంది. గ్లాసులో టీ పొడి కూడా అంతే. అపకేంద్ర బలం బయటికి లాగాలి కదా! ఈ చిక్కును ఐన్‌స్టీన్ 1926లో ఒక వ్యాసంలో విడమరిచాడు. బకెట్ అడుగును తాకిన నీరు రాపిడికి నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీటికి బయటికి పోయే ఊపు తగ్గుతుంది, కానీ పై నీటి పీడనం దాన్ని లోపలికి నెడుతూనే ఉంటుంది. కాబట్టి అడుగున ఒక పలుచని నీటి పొర మధ్యకు పాకుతూ ఇసుకను ఈడ్చుకుపోతుంది. సైక్లోన్‌లోనూ గోడను తాకిన గాలి ఇలాగే నెమ్మదించి గరాటు వాలు వెంట కిందికి పాకుతుంది, గోడను చేరిన దుమ్మును తొట్టిలోకి ఈడ్చేది చాలావరకు ఆ పొరే. దుమ్ము బరువుకే జారిపడుతుందని అనుకోవద్దు. అందుకే సైక్లోన్‌ను పక్కకు పడుకోబెట్టినా కొంతవరకు పనిచేస్తుంది. ఈ బకెట్ ప్రయోగం ఆదివారం బట్టలు ఉతికేటప్పుడు చేసి చూడండి, ఖర్చు లేదు.

ఎంత చిన్న దుమ్మును పట్టగలదు

అసలు ప్రశ్న ఇదే. మన ఒక మీటరు సైక్లోన్‌లో లోపలికి వచ్చే గాలి పట్టీ వెడల్పు 20 సెంటీమీటర్లు అనుకుందాం. గోడకు దూరంగా ఉన్న కణం ఆ 20 సెంటీమీటర్లు దాటితేనే దొరికినట్టు. గాలి అయిదు చుట్లు తిరుగుతుందనుకుంటే ఒక్కో చుట్టు 3.14 మీటర్లు, మొత్తం 15.7 మీటర్లు. సెకనుకు 15 మీటర్ల వేగంతో ఆ దూరం పోవడానికి పట్టేది ఒక సెకను కన్నా కొంచెం ఎక్కువ. అంటే కణానికి ఉన్న గడువు ఒక్క సెకను.

10 మైక్రాన్ల కణం ఆ గడువులో 14, 15 సెంటీమీటర్లు జరుగుతుంది. కాబట్టి అలాంటి కణాలు వందలో సుమారు 70 దొరుకుతాయి. 20 మైక్రాన్లది నాలుగు రెట్ల వేగంతో జరుగుతుంది, ఎందుకంటే వేగం వ్యాసం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అన్నీ దొరుకుతాయి. 5 మైక్రాన్లది నాలుగో వంతు వేగమే కాబట్టి వందలో 18. ఇక 2 మైక్రాన్లది వందలో మూడు కూడా దొరకవు.

నిజమైన సైక్లోన్‌లో గాలి ఇంత క్రమంగా ఉండదు, గోడకు కొట్టుకున్న కణం కొన్నిసార్లు ఎగిరి మళ్లీ గాలిలో కలుస్తుంది. కాబట్టి ఈ అంకెలను అంచనాలుగానే తీసుకోండి. అయినా ఇంజనీర్లు మొదటి అంచనాకు వాడే పద్ధతి ఇదే. ఏ సైజు కణాలు సగం దొరికి సగం పోతాయో ఆ సైజును లెక్కగట్టి సైక్లోన్ శక్తికి కొలతగా చెబుతారు. మన ఉదాహరణలో అది 8 మైక్రాన్ల దగ్గర వస్తుంది.

ఇప్పుడు ఇంకో విషయం దీని పక్కన పెట్టి చూడండి. 10 మైక్రాన్లకు పైబడిన దుమ్ము మన ముక్కులో, గొంతులో చాలావరకు ఆగిపోతుంది. తుమ్ముతాం, చీదుతాం, పోతుంది. దానికన్నా చిన్నది లోపలికి దిగుతుంది. రెండున్నర మైక్రాన్లకు తక్కువది ఊపిరితిత్తుల అడుగున గాలి గదుల దాకా పోతుంది. మన దేశంలో 2009లో ప్రకటించిన గాలి నాణ్యత ప్రమాణాల్లో 10 మైక్రాన్ల లోపు దుమ్ముకు, 2.5 మైక్రాన్ల లోపు దుమ్ముకు వేరువేరు హద్దులు పెట్టింది అందుకే. 24 గంటల సగటున మొదటిదానికి ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు, రెండోదానికి 60. అంటే సైక్లోన్ దేన్ని బాగా పట్టుకుంటుందో దాన్ని మన ముక్కు కూడా పట్టుకుంటుంది. ముక్కు వదిలేసేదాన్నే సైక్లోన్ కూడా వదిలేస్తుంది. డాబా మీద నల్ల నుసి పడటం ఆగింది కాబట్టి గాలి బాగుపడిందని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

చిన్నవి, ఎక్కువ

పట్టే శక్తి పెంచాలంటే ఏం చేయాలి? వేగం పెంచవచ్చు. కానీ వేగం రెట్టింపయితే పీడన నష్టం నాలుగు రెట్లవుతుంది, ఆ భారం ఫ్యాను మీద, అక్కడి నుంచి కరెంటు బిల్లు మీద పడుతుంది. పైగా హద్దు దాటితే గోడ మీది దుమ్మునే గాలి మళ్లీ లేపుతుంది. మామూలుగా సెకనుకు 15 నుంచి 25 మీటర్ల మధ్యనే ఉంచుతారు.

రెండో దారి వ్యాసం తగ్గించడం. ఒక మీటరు బదులు 25 సెంటీమీటర్ల గొట్టం తీసుకోండి, వేగం అదే 15. 225ను 0.125తో భాగిస్తే 1800. భూమి లాగే దానికి 183 రెట్లు! గాలి పట్టీ వెడల్పు కూడా 5 సెంటీమీటర్లకు తగ్గింది. గడువు సెకనులో నాలుగో వంతుకు పడిపోయినా, పెద్దదానిలో 10 మైక్రాన్ల కణం దొరికినంత బాగా చిన్నదానిలో 5 మైక్రాన్ల కణం దొరుకుతుంది. లెక్క చేసి చూసుకోండి. వ్యాసం నాలుగో వంతయితే పట్టుబడే కణం సగమవుతుంది.

అయితే చిన్న గొట్టంలో కొంచెం గాలే పడుతుంది. మన ఉదాహరణలో పెద్దదాని పని చేయడానికి 16 చిన్నవి కావాలి. అందుకని బాయిలర్ల వెనుక ఒకే పెట్టెలో పదుల కొద్దీ చిన్న సైక్లోన్లను బారుగా పేర్చి పెడతారు. దాన్నే మల్టీ సైక్లోన్ అంటారు. మిల్లు బాయిలర్లకు ఉండేది ఎక్కువగా ఇదే. వాటిలో ఒక గొట్టం బూడిదతో పూడిపోయిందంటే మిగతావాటి మీద భారం పడుతుంది. అన్నిటికీ అడుగు తొట్టి ఒకటే కాబట్టి ఒకదాని గాలి తొట్టిలోంచి ఇంకోదానిలోకి ఎగబాకి, పడ్డ బూడిదను లేపుతుంది.

వేడి కూడా శత్రువే. నూనె వేడెక్కితే పలుచబడుతుంది, కానీ వాయువు వేడెక్కితే దాని స్నిగ్ధత పెరుగుతుంది. వేడి పొగలో కణం గోడ వైపు జరగడం కష్టమవుతుంది. చల్లని గాలితో చేసిన లెక్కను వేడి పొగకు అలాగే వాడితే మోసపోతాం.

తగ్గిన బస్తాలు

నేను పనిచేసిన ఒక మిల్లులో జరిగింది చెబుతాను. మల్టీ సైక్లోన్ తొట్టి కింద ఒక రోటరీ వాల్వు ఉంటుంది. నెమ్మదిగా తిరుగుతూ బూడిదను కిందికి వదులుతుంది, గాలిని మాత్రం రానివ్వదు. షిఫ్టుకు 30 బస్తాల బూడిద ఎత్తేవాళ్లం. ఒక సీజనులో అది మెల్లమెల్లగా 18కి దిగింది. ఊక అదే, మంట అదే. ఎత్తే హమాలీలకు పని తగ్గింది, మాకు సంతోషమే. ఊక బాగా మండుతున్నట్టుందని అందరం అనుకున్నాం. ఎవరూ చిమ్నీ వైపు చూడలేదు. వెనుక వాడలో ఉండే ఒక పెద్దమ్మ మా దగ్గరికి వచ్చి, కడిగి బోర్లించిన గిన్నెలు తెచ్చి చూపించింది. వేలితో రాస్తే నల్లటి గీత పడింది.

వాల్వు రెక్కల అంచున ఉండే రబ్బరు అరిగిపోయింది. ఫ్యాను సైక్లోన్ తర్వాత ఉండి పీలుస్తుంది కాబట్టి తొట్టిలో బయటికన్నా పీడనం తక్కువ. అందులోనూ సుడి మధ్యలో ఇంకా తక్కువ. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి దూరి, పడబోతున్న బూడిదను సుడి మధ్యలోకే ఊదింది. అది నేరుగా చిమ్నీలోకి పోయింది. మొత్తం సైక్లోన్‌లో అతి సున్నితమైన చోటు అడుగే. అక్కడ వేలు దూరేంత సందున్నా పై లెక్కలన్నీ వృథా. రబ్బరు పట్టీలు మార్చడానికి ఒక పూట పట్టింది. బస్తాలు మళ్లీ 30కి దగ్గరగా వచ్చాయి. ఆ మధ్యకాలంలో పోయిన బూడిద ఎవరి ఇళ్ల మీద పడిందో లెక్క లేదు. సైక్లోన్‌కు తొట్టిలో పడ్డ బూడిదే సాక్షి అని నాకు ఆ గిన్నెలు చూశాకే తెలిసింది.

ఇంకో జబ్బు రంధ్రాలు. ఊక బూడిదలోని సిలికా గరుకు కాగితంలా పనిచేస్తుంది. గాలి దూరే గొట్టానికి ఎదురుగా ఉన్న గోడను అరగదీసి చిల్లు పెడుతుంది. మిల్లువాళ్లు దాని మీద రేకు ముక్క వెల్డింగు చేస్తారు. లోపలి వైపు అతుకు మిట్టగా ఉంటే గోడ వెంట జారే బూడిద అక్కడ ఎగిరి గాలిలో పడుతుంది. అతుకు బయటి నుంచి వేయాలి, లోపల నున్నగా ఉండాలి.

ఇది ఎక్కడ పుట్టింది

సైక్లోన్ పుట్టుకకూ ధాన్యానికీ సంబంధం ఉంది. 1878 మే 2న అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ పిండి మిల్లు పేలిపోయి 18 మంది చనిపోయారు. గాలిలో తేలే గోధుమ పిండి దుమ్ముకు నిప్పంటుకోవడమే కారణం. ముద్దగా ఉన్న పిండి మండదు, గాలిలో చెదిరిన పిండి బారూదులా పేలుతుంది. ఆ తర్వాతి ఏళ్లలో మిల్లుల్లో దుమ్ము తీసే యంత్రాల మీద శ్రద్ధ పెరిగింది. 1885లో జాన్ ఫించ్ అనే అమెరికన్ సుడిగాలితో దుమ్ము తీసే పరికరానికి పేటెంటు పొందాడు. దాదాపు శతాబ్దం తర్వాత 1978 ప్రాంతంలో జేమ్స్ డైసన్ అనే ఇంగ్లీషు ఆయన కట్టె కోత మిల్లు మీది సైక్లోన్‌ను చూసి, దీన్ని ఇల్లు ఊడ్చే యంత్రంలో ఎందుకు పెట్టకూడదు అనుకున్నాడు. 5,127 నమూనాలు చేశాక గాని కుదరలేదట. మనం రోజూ చూసి నీళ్ల ట్యాంకు అనుకునే వస్తువే అది.

సిమెంటు ఫ్యాక్టరీ గోపురం

కోదాడ దాటి మేళ్లచెరువు వైపు, మఠంపల్లి వైపు, ఇటు వాడపల్లి వైపు పోతే సున్నపురాయి గనుల పక్కన సిమెంటు ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. వాటిలో అన్నిటికన్నా ఎత్తుగా ఒక గోపురం ఉంటుంది. అందులో ఉన్నవి ఒకదానిమీద ఒకటి పేర్చిన సైక్లోన్లే. అయిదారు అంతస్తులుంటాయి.

అక్కడ సైక్లోన్ దుమ్మును ఆపడానికి మాత్రమే కాదు. బట్టీ నుంచి వచ్చే వేడి గాలి, సుమారు వెయ్యి డిగ్రీలది, కింది నుంచి పైకి పోతుంది. మెత్తగా నూరిన రాతి పొడిని పై నుంచి వదులుతారు. పొడి గొట్టంలో వేడి గాలిలో పడగానే చెదిరిపోయి, క్షణంలో వేడెక్కుతుంది. వెంటనే సైక్లోన్ దాన్ని గాలి నుంచి వేరు చేసి కింది అంతస్తుకు పంపుతుంది. అక్కడ ఇంకా వేడి గాలి. ఇలా అంతస్తు అంతస్తుకు కలపడం, విడదీయడం. పొడి కిందికి దిగేసరికి 800 డిగ్రీలు దాటుతుంది, ఇదంతా అర నిమిషం అటూ ఇటూగా జరిగిపోతుంది. గాలి పైకి చేరేసరికి 300, 350 డిగ్రీలకు చల్లబడుతుంది. వేడి పొదుపు, బొగ్గు పొదుపు. జర్మనీలో ఇలాంటిది 1950ల మొదట్లో మొదలై ప్రపంచమంతా పాకింది.

పై అంతస్తు సైక్లోన్లను దాటి పోయిన సన్నని పొడిని పట్టడానికి గుడ్డ సంచుల ఫిల్టర్లో, విద్యుత్తుతో దుమ్మును పట్టే యంత్రాలో తప్పనిసరిగా ఉండాలి. మిల్లు బాయిలర్‌కు కూడా సైక్లోన్ తర్వాత సంచుల ఫిల్టరు గాని, నీళ్లు చల్లి పొగను కడిగే యంత్రం గాని కావాలని నేనంటాను. ఖర్చవుతుంది నిజమే. కానీ 2 మైక్రాన్ల లెక్క పైన చూశాం కదా.

గాలిలో నీరు ఉంటే

ఇప్పటిదాకా పొడి దుమ్ము సంగతి చెప్పాను. ద్రవం బిందువులనూ సైక్లోన్ పడుతుంది. పెద్ద థర్మల్ కేంద్రాల బాయిలర్ డ్రమ్ముల్లో ఆవిరితో పాటు లేచే నీటి తుంపరలను విడదీయడానికి చిన్న సైక్లోన్లు పెడతారు. తుంపర టర్బైను రెక్కలకు తగిలితే గులకరాయి తగిలినట్టే. కంప్రెసర్ గాలిలో నూనె, నీరు తీయడానికీ ఇదే.

ద్రవానికి ఒక సుగుణం, ఒక దుర్గుణం. గోడకు తగిలిన బిందువు ఎగరదు, అంటుకొని పొరగా కలిసిపోతుంది. అది సుగుణం. కానీ ఆ పొర ఊరుకోదు. పై మూత కింద నుంచి పాకి, మధ్య గొట్టం బయటి గోడ వెంట దిగి, దాని అంచు నుంచి శుభ్రమైన గాలిలోకి రాలుతుంది. ఇంటి చూరు నుంచి వాన నీరు కారినట్టే. అందుకని ఆ గొట్టానికి చుట్టూ ఒక చిన్న అంచు కట్టి, నీరు దూరంగా రాలేలా చేస్తారు. దుమ్ము సైక్లోన్‌కూ తడి సైక్లోన్‌కూ పైకి కనబడే తేడా అంతే.

సహజ వాయువు బావుల దగ్గర ఈ పని ప్రాణాలకు సంబంధించినది. భూమిలోంచి వచ్చే గ్యాసులో నీరు, తేలిక నూనె, ఇసుక ఉంటాయి. గొట్టపు మార్గంలోకి పంపే ముందు వాటిని తీసేయాలి. కోనసీమలో నగరం గ్రామం దగ్గర 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. నీరు కలిసిన తడి గ్యాసు పోవడం వల్ల గొట్టం లోపలి నుంచి తుప్పు పట్టి పలుచబడిందని విచారణలో తేలింది.

సైక్లోన్ ఒక్కటి ఉంటే ఆ ప్రమాదం తప్పేదా? తప్పేదని చెప్పలేం, కారణం చూడండి. సైక్లోన్ పట్టేది బిందువును. ఆవిరి రూపంలో గ్యాసులో కలిసిపోయిన నీటిని అది పట్టలేదు. ఆవిరి అణువులు వాయువే, వాటికి వేరుగా గోడకు చేరే బరువు లేదు. ఆ గ్యాసు గొట్టంలో పోతూ చల్లబడితే, తెల్లవారి గడ్డి మీద మంచు పట్టినట్టు లోపల నీరు పడుతుంది. అందుకని బిందువులు తీశాక గ్లైకాల్ వంటి ద్రవంతో ఆవిరిని కూడా పీల్చేయాలి. అది వేరే యంత్రం, వేరే ఖర్చు. ఒకటి పెట్టి రెండోది వదిలేస్తే గొట్టం బయటికి బాగానే కనిపిస్తుంది.

చివరగా ఇంటర్ తమ్ముళ్లకు ఒక లెక్క. ఒక మల్టీ సైక్లోన్ గొట్టం వ్యాసం 16 సెంటీమీటర్లు, గాలి వేగం సెకనుకు 16 మీటర్లు. గోడ దగ్గర త్వరణం భూమి గురుత్వ త్వరణానికి ఎన్ని రెట్లు? 10 మైక్రాన్ల కణం గోడ వైపు జరిగే వేగం ఎంత? మొదటిదానికి జవాబు సుమారు 327 రెట్లు, రెండోదానికి సెకనుకు ఒక మీటరుకు కాస్త తక్కువ. రాకపోతే వ్యాసాన్ని వ్యాసార్థంగా వాడారేమో చూసుకోండి. నేను పరీక్షలో చేసిన తప్పు అదే.